రయాన్ వైట్ హెచ్‌ఐవీ సేవా పథకం: ప్రభుత్వాలు మారినా నిలిచిన సేవపై సమీక్ష

అమెరికాలో హెచ్‌ఐవీతో జీవిస్తూ, బీమా లేకో, ఉన్న బీమా చాలకో వైద్యానికి దూరమయ్యే వారిని ఆదుకునే రయాన్ వైట్ పథకం గురించి మాట్లాడేవారు ఎక్కువగా నిధుల లెక్కలే మాట్లాడతారు. దానిని వాడుకునేవారి వైపు నుంచి, ఒక సేవగా తూచి చూడాలని నా ఉద్దేశం. వాషింగ్టన్‌లో అధికారం చేతులు మారిన ప్రతిసారీ వారిని కలవరపెట్టేది, వచ్చే నెల మందులు అందుతాయా అన్న ఒక్క ప్రశ్నే.

రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు అయిన హీమోఫీలియా చికిత్సలో వాడిన రక్త ఉత్పత్తుల ద్వారా హెచ్‌ఐవీ సోకిన రయాన్ వైట్ అనే బాలుణ్ణి ఇండియానా రాష్ట్రంలో బడికి రానివ్వలేదు. ఆ హక్కు కోసం పోరాడిన అతడు 1990 ఏప్రిల్‌లో, 18 ఏళ్ల వయసులో మరణించాడు. డెమోక్రాట్ అయిన ఎడ్వర్డ్ కెన్నెడీ, రిపబ్లికన్ అయిన ఆరిన్ హ్యాచ్ సెనేట్‌లో కలిసి ముందుకు తెచ్చిన చట్టం అదే ఏడాది ఆగస్టులో అతని పేరిట అమలులోకి వచ్చింది. 1996, 2000, 2006, 2009 సంవత్సరాలలో రెండు పార్టీల అధ్యక్షులూ దానిని పొడిగిస్తూ సంతకాలు చేశారు.

సేవ నాణ్యత విషయానికి వస్తే, నేను దీనికి చాలా ఎక్కువ మార్కులు వేస్తాను. మందులతో సరిపెట్టకుండా, రోగికి కావలసిన సేవలను సమన్వయపరిచే కేస్ మేనేజర్ సాయం, దంతవైద్యం, మానసిక వైద్యం, ఆసుపత్రికి రాకపోకల వంటి అవసరాలను కూడా ఇది లెక్కలోకి తీసుకుంటుంది. మరే బీమా, మరే పథకం చెల్లించని ఖర్చును చివరగా తాను భరిస్తుంది. దేశంలో హెచ్‌ఐవీ నిర్ధారణ అయినవారిలో సగానికి పైగా, అంటే 5 లక్షల మందికి మించి, దీని సేవలు పొందుతున్నారు. పథకం ద్వారా వైద్యం పొందుతున్నవారిలో వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ పరిమాణం) అదుపులో ఉన్నవారు 2010లో దాదాపు 70 శాతం కాగా, 2023 నాటికి 90 శాతానికి చేరారు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే కొనసాగినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా అది ఇతరులకు సోకదు కనుక, ఈ అంకె రోగులతో పాటు సమాజం మొత్తానికీ సంబంధించినది.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది నిర్ణయాలు జరిగే తీరు. పెద్ద నగర ప్రాంతాలలో నిధుల ప్రాధాన్యాలను నిర్ణయించే ప్రణాళికా మండలిలో కనీసం 33 శాతం మంది ఈ సేవలు వాడుకునేవారే ఉండాలని, వారికి నిధులు పొందే సంస్థలతో ఉద్యోగ సంబంధం ఉండరాదని చట్టమే చెబుతోంది. ఉద్యమకారుల వాణికి చట్టంలో కుర్చీ దొరకడం వల్లనే ఏ అధికారి ఇష్టాయిష్టాలకూ ఈ సేవ పూర్తిగా లొంగలేదని నేను నమ్ముతాను. 2025లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీలోని హెచ్‌ఐవీ నివారణ విభాగంలో ఉద్యోగాలకు కోత పెట్టినప్పుడు, పాలకుల నిర్ణయం మీదే నడిచే పని ఎంత త్వరగా దెబ్బతింటుందో అందరూ చూశారు.

లోపాలు చిన్నవి కావు. చట్టబద్ధమైన గడువు 2013లోనే ముగిసింది; అప్పటి నుంచి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఏటా కేటాయించే నిధులతోనే పథకం నడుస్తోంది. మందుల సహాయానికి ఆదాయ పరిమితి, మందుల జాబితా రాష్ట్రానికొక తీరుగా ఉండటం సమానత్వం అన్న మాటకే విరుద్ధం. 2011లో ఆ సహాయం కోసం నిరీక్షణ జాబితాలలో ఉన్నవారి సంఖ్య 9,000 దాటింది. స్థిరమైన నివాసం లేనివారిలో, యువతలో వైరల్ లోడ్ అదుపు ఇప్పటికీ సగటు కన్నా తక్కువగానే ఉంది. ఇంకా హెచ్‌ఐవీ సోకనివారికి నివారణ మందులు ఇవ్వడానికి ఈ నిధులు పనికిరావు. ఆరు నెలలకొకసారి అర్హత పత్రాలు మళ్లీ సమర్పించాలన్న కేంద్ర నిబంధనను 2021లో తొలగించడం మాత్రం మంచి మార్పు.

కొత్తగా నిర్ధారణ అయినవారు తమ క్లినిక్‌లో ముందుగా కేస్ మేనేజర్‌ను కలిసి ఈ పథకం గురించి అడగాలని గట్టిగా సిఫారసు చేస్తున్నాను. ఇప్పటికే సేవలు పొందుతున్నవారు తమ ప్రాంతంలో ప్రణాళికా మండలి ఉంటే దాని సమావేశాలకు వెళ్లాలి. అవి ప్రజలందరికీ తెరిచి ఉంటాయి, సభ్యత్వానికి దరఖాస్తు చేసుకునే మార్గం కూడా అక్కడే తెలుస్తుంది.