సెల్ఫ్ జారుతున్న పాత బుల్లెట్: వన్ వే మార్చాలా, సెట్ మార్చాలా, పీకేయాలా?

రాయల్ ఎన్‌ఫీల్డ్‌లో పాత ఎలక్ట్రా, ఏవీఎల్ ఇంజిన్ థండర్‌బర్డ్ ఉన్నవాళ్ళు ఈమధ్య నన్ను అడుగుతున్నది ఒకటే. బటన్ నొక్కితే మోటార్ గిర్రున తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం కదలడం లేదు. బెజవాడ ఆటోనగర్‌లో ఒకాయన వన్ వే (సెల్ఫ్ మోటార్ తిరుగుడుని ఒక వైపే ఇంజిన్‌కి అందించే క్లచ్) ఒక్కటి వేస్తే చాలంటాడు. పక్క షెడ్డాయన దాంతో పాటు లోపలి హబ్బు, బయటి రేసు (రింగు) కలిపి సెట్ మొత్తం మార్చాలంటాడు. ఇంకొకాయన "బుల్లెట్‌కి సెల్ఫ్ ఎందుకన్నా, పీకేద్దాం, కిక్ కొట్టుకో" అంటాడు. ముగ్గురూ పని తెలిసినవాళ్ళే. ఎవరి మాట వినాలన్నది మీ బండి ప్రైమరీ కేసు (ఇంజిన్ పక్కన క్లచ్, చైను ఉండే పెట్టె) లోపల ఏం కనిపిస్తుందన్న దాని మీద ఉంటుంది.

ముందు పోయింది వన్ వే అవునో కాదో చూసుకోండి. బటన్ నొక్కితే టక్‌మని ఆగిపోతే అది బ్యాటరీ, రిలే, ఎర్త్ వైరు గొడవ. మోటార్ ఖాళీగా తిరిగే శబ్దం వస్తే, లేదా రెండు చుట్లు పట్టి మూడో చుట్టుకి పెద్ద చప్పుడుతో జారితే, అప్పుడు అనుమానం వన్ వే మీదికి పోవాలి.

కేసు విప్పే ముందు ఆయిల్ మార్చి చూడటం తక్కువ ఖర్చు దారి. ఈ పాత ఇంజిన్లలో క్లచ్ ప్లేట్లూ వన్ వే ప్రైమరీ కేసులోని ఒకే ఆయిల్‌లో తడుస్తాయి. మిగిలిపోయిన కారు ఆయిల్ ఎవరైనా పోసి ఉంటే, అందులో రాపిడి తగ్గించే మందులు ఉంటాయి కాబట్టి రెండూ జారతాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న బైక్ ఆయిల్ లెవెల్ స్క్రూ దాకా పోసి కొన్నాళ్ళు నడపండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు జారి, వేడెక్కాక పట్టుకుంటుంటే చాలావరకు లోపల జిడ్డు పట్టిందనుకోవచ్చు. చల్లగా ఉన్నప్పుడు పట్టి వేడి మీద జారుతుంటే ఆయిల్‌తో పోయేది కాదు, అరిగింది.

ఇక అసలు సంగతి హబ్బు.

వన్ వే లోపల ఉండే స్ప్రాగులు చిన్న ఉక్కు ముక్కలు, కాస్త వాలుగా ఉంటాయి. మోటార్ తిప్పినప్పుడు లేచి నిలబడి లోపలి హబ్బుకీ బయటి రేసుకీ మధ్య బిగుసుకుంటాయి. ఏటవాలులో లారీ టైరు కింద పెట్టిన దిమ్మె లాంటి పట్టు అది. ఇంజిన్ అందుకోగానే మళ్ళీ వాలిపోతాయి. వాటికి పళ్ళు లేవు. పట్టంతా నునుపైన రెండు ఉక్కు ముఖాల మధ్య రాపిడి మీదే ఆధారపడింది. అందుకే హబ్బు మీద సన్నని గాడి పడినా, వెంట్రుకవాసి మందం అరిగినా, స్ప్రాగు నిలబడాల్సిన చోట నిలబడకుండా దాటిపోతుంది. అలాంటి హబ్బు మీద కొత్త వన్ వే వేస్తే మొదట్లో బాగానే పట్టుకుంటుంది. తర్వాత మళ్ళీ అదే గిర్రు. "డూప్లికేట్ పార్ట్ ఇచ్చాడు" అని షాపు వాడిని తిట్టుకుంటారు గానీ, చాలాసార్లు పార్ట్ మంచిదే.

చూడటం కష్టం కాదు. హబ్బుని పెట్రోల్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. గోరు అడ్డంగా లాగితే ఎక్కడా తగలకూడదు. చుట్టూ మెరిసే పట్టీ ఉన్నా గోరు తగలకపోతే ఫరవాలేదు. వరసగా చిన్న నొక్కులు కనిపిస్తే మాత్రం అవి ఇంజిన్ వెనక్కి తన్నిన దెబ్బలు, ఆ హబ్బు ఇక పనికిరాదు. అనుమానం ఉంటే ఏ లేత్ షాపులోనైనా మైక్రోమీటర్ పెట్టించి, స్ప్రాగులు ఆనే చోటా, ఆనని అంచునా కొలత తీయించి తేడా చూడండి. బయటి రేసు లోపలి ముఖం కూడా ఇలాగే చూడాలి, దాన్ని చాలామంది వదిలేస్తారు.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. హబ్బు, రేసు రెండూ శుభ్రంగా ఉంటే వన్ వే ఒక్కటి చాలు, సెట్ కొనిపించే మెకానిక్‌కి మొహమాటం లేకుండా వద్దని చెప్పొచ్చు. గోరుకి తగిలే గాడి గానీ, నొక్కు గానీ ఉంటే సెట్ మొత్తం. మధ్యస్థంగా ఉన్నప్పుడు కూడా నేను సెట్ వైపే మొగ్గుతాను, మొన్న నా ఎలక్ట్రాకి అదే చేశాను. కారణం కూలి. వన్ వే ఒక్కదానికైనా, సెట్‌కైనా ప్రైమరీ కేసు విప్పాలి, చైను, క్లచ్ దించాలి, మళ్ళీ సీలు, గాస్కెట్ కొత్తవి వేయాలి. అంత పనీ రెండోసారి చేయించే బదులు ఒకేసారి పూర్తి చేయించుకుంటే బండి మనతో ఉంటుంది. యూసీఈ అనే కొత్త తరం ఇంజిన్లు 2008-09లో వచ్చాక ఈ బళ్ళు పాతవాటి కింద చేరిపోయాయి, పార్టులు ప్రతి షాపులోనూ దొరకవు. దొరికినప్పుడు సెట్‌గా తీసుకోవడమే మంచిది.

లేత్ మీద హబ్బు గ్రైండ్ చేయిస్తే? వద్దు. దాని పైపొర మాత్రమే గట్టిపరిచిన ఉక్కు, సాధారణంగా మిల్లీమీటరు అటూ ఇటూ మందం. గ్రైండింగ్‌లో ఆ పొర పలచబడుతుంది, సైజు తగ్గి స్ప్రాగులు బోర్లా పడతాయి. ఎమెరీ కాగితంతో గరుకు చేయడం బండి అమ్ముకునేవాళ్ళు వాడే చిట్కా. పాత బండి కొనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి.

పాత జపాన్ బళ్ళలో చాలావాటికి స్ప్రాగులకు బదులు మూడు రోలర్లు, వాటి వెనక స్ప్రింగులు ఉంటాయి. అక్కడ రోలర్లు, స్ప్రింగులు మారిస్తే తరచు సరిపోతుంది. ఆ వన్ వేని పట్టి ఉంచే బోల్టులు వదులైనా ఇదే చప్పుడు వస్తుంది కాబట్టి లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించండి.

సెల్ఫ్ పీకేయడాన్ని నేను తీసిపారేయను. డీకంప్రెషర్ (కంప్రెషన్ వదిలించే లివర్) ఉన్న పాత పోతఇనుప ఇంజిన్‌ని సరిగ్గా ట్యూన్ చేస్తే పెద్దగా శ్రమ లేకుండా కిక్‌తో లేస్తుంది, బరువూ తగ్గుతుంది. కాకపోతే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడే వేళ వేడి ఇంజిన్ ఆగిపోయి, వెనక ఆటోలవాళ్ళు హారన్లు మోగిస్తుంటే కిక్ వెతుక్కోవడం వేరే అనుభవం. మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోండి. పీకితే పూర్తిగా పీకించాలి. మోటార్ కూర్చున్న చోటు ప్లేటుతో మూయించకపోతే ఆయిల్ కారుతుంది. పాడైన వన్ వేని లోపలే వదిలేసి కిక్‌తో నడపడం మాత్రం అన్నిటికంటే చెడ్డ దారి. విరిగిన స్ప్రాగో, స్ప్రింగు ముక్కో జారి ప్రైమరీ చైనులో పడితే అప్పుడు మాట్లాడుకోవాల్సింది సెల్ఫ్ గురించి కాదు.

ఏ దారి పట్టినా బ్యాటరీ సంగతి తేల్చకుండా కేసు మూయొద్దు. వన్ వేని చంపేది ఎక్కువగా అదే. నీరసపడ్డ బ్యాటరీతో మోటార్ పిస్టన్‌ని కంప్రెషన్ దాటించలేదు. సరిగ్గా అప్పుడే స్పార్క్ పడితే ఇంజిన్ వెనక్కి తంతుంది, ఆ దెబ్బంతా బిగుసుకుని ఉన్న స్ప్రాగుల మీద పడుతుంది. పాయింట్లున్న (పాత తరహా ఇగ్నిషన్) బండికి స్పార్క్ టైమింగ్ ముందుకు జరిగి ఉంటే ఈ తన్ను ఇంకా గట్టిగా ఉంటుంది. ఈ బళ్ళకు వేసేది 12 వోల్టుల, 14 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ. చిన్నది సరిపోతుందని వేయించుకోకండి. నిండుగా ఛార్జ్ అయి, బండి ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దాకా చూపించాలి. సెల్ఫ్ నొక్కినప్పుడు 10 కిందికి పడిపోతుంటే మార్చేయండి. మన బెజవాడ మే నెల ఎండలకు నీళ్ళ బ్యాటరీ త్వరగా ఎండిపోతుంది, డిస్టిల్డ్ వాటర్ చూసుకోండి. ఎర్త్ వైరు తుప్పు గీకించడం మర్చిపోవద్దు.

డీకంప్రెషర్ లివర్ ఉన్నవాళ్ళకి ఇంకో సులువుంది. కిక్కర్‌తో మెల్లగా నొక్కుతూ గట్టిపడే చోటికి తెచ్చి, లివర్ పట్టి కొంచెం దాటించి, వదిలేసి, అప్పుడు బటన్ నొక్కండి. తర్వాతి కంప్రెషన్ రెండు చుట్ల తర్వాతే వస్తుంది, ఈలోగా మోటార్ ఊపందుకుంటుంది. బటన్‌ని టిక్కుటిక్కుమని నొక్కి వదలడం మానేసి, ఇంజిన్ అందుకునేదాకా ఒకే పట్టున ఉంచండి.

కేసు మూసే రోజు షెడ్డు దగ్గరే ఉండండి. స్టార్టర్ గేరుని మెకానిక్ చేత చేత్తో తిప్పించండి. ఒక వైపు తేలిగ్గా తిరగాలి, రెండో వైపు వెంటనే పట్టేయాలి. ఒకే చోట కాదు, చుట్టూ కాస్త కాస్త జరిపి ప్రతిచోటా చూడాలి. ఒక్కచోట జారినా ఆయిల్ పోయనివ్వకండి. పాత హబ్బు, వన్ వే సంచిలో వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.