బియర్డెడ్ డ్రాగన్‌కు నీళ్లు ఎలా పట్టాలి? గిన్నె, స్ప్రే, స్నానం, చుక్కలు: ఏది మేలు?

నెల్లూరులో మా ఇంటికి ఎవరొచ్చినా మేం పెంచే బియర్డెడ్ డ్రాగన్ ట్యాంకులోకి తొంగి చూసి "ఇది తొండే కదండీ" అంటారు. చుట్టరికం ఉన్నమాట నిజమే. మన కంచెల మీద తలాడించే తొండదీ, బియర్డెడ్ డ్రాగన్‌దీ ఒకే కుటుంబం. కాకపోతే దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా లోపలి ఎండు నేలలు. అక్కడ తినే ఆకుల్లో, పురుగుల్లో ఉండే తడితో, ఎప్పుడో పడే వాన చినుకులతో బతకడం దీనికి అలవాటు. అందుకే కదలకుండా ఉన్న నీళ్లు ముందు పెడితే అవి నీళ్లని చాలా డ్రాగన్లకు తోచదు. మాది దాహంతో ఉండి కూడా గిన్నె తొక్కుకుంటూ వెళ్లిపోయేది.

కాబట్టి గిన్నె ఉండాలి గానీ దాన్ని నమ్ముకోకూడదు. చిన్నది, లోతులేనిది, అది ఒళ్లు వెచ్చబెట్టుకునే లైటుకు దూరంగా ఉన్న మూలలో పెట్టి రోజూ నీళ్లు మారిస్తే చాలు.

స్ప్రే విషయంలో నేను చాలా పెద్ద తప్పు చేశాను. వీడియోల్లో చూసి ఉదయం, సాయంత్రం ట్యాంకంతా తడిపేవాణ్ణి. అది నవంబరు. మనకు అసలు వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా, ఉతికిన బట్టలే రెండు రోజులకు గానీ ఆరవు. ఈ జీవికి ట్యాంకులో గాలి తేమ సుమారు 30 నుంచి 40 శాతం ఉంటే హాయి. మన కోస్తాలో బయటి గాలే 70 దాటుతుంది, దాని మీద నేను ఇంకా తడి పెంచాను. కొన్నాళ్లకు అది లైటుకు దూరంగా కూర్చుని కూడా నోరు తెరవడం మొదలుపెట్టింది. లైటు కింద నోరు తెరిస్తే ఒళ్లు చల్లబరుచుకోవడానికి, అది మామూలే. దూరంగా ఉన్నప్పుడు కూడా తెరిచి, ఊపిరిలో చిటచిటమని చప్పుడొస్తే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ అన్నారు. ఇంజెక్షన్లతో బతికింది గానీ ఆ పది రోజులు ఇంట్లో అందరికీ టెన్షనే. నెల్లూరు, కావలి, ఒంగోలు లాంటి చోట ట్యాంకులో స్ప్రే వద్దనే నేను గట్టిగా చెబుతాను.

స్నానం మంచిదే. పసిపిల్లకు పోసేంత గోరువెచ్చని నీళ్లు, ముందుకాళ్ల మోచేతుల వరకు, పది పదిహేను నిమిషాలు, మనం పక్కనే ఉండి. ఒళ్లు నీళ్లు పీల్చుకుంటుందని చాలామంది అంటారు గానీ ఆ పొలుసుల చర్మం పీల్చదు. నోటితో తాగినంతే లోపలికి పోతుంది. కుబుసం విడిచేటప్పుడు, మలబద్ధకం ఉన్నప్పుడు స్నానం బాగా పనికొస్తుంది. మాది మాత్రం టబ్బులో దింపగానే గడ్డం నల్లగా చేసుకుంటుంది. అంత భయపడేదాన్ని రోజూ దింపడం నాకు ఇష్టం లేదు.

నా ఓటు చుక్కలకే. పొద్దున లైటు కింద ఒళ్లు వెచ్చబడ్డాక, పిల్లల మందు డ్రాపర్‌తో ముక్కు కొస మీద ఒక చుక్క వదులుతాను. అది జారి పెదవి అంచున ఆగుతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత గులాబీరంగు నాలుక బయటికొచ్చి చుక్కను అందుకుంటుంది, కళ్లు సగం మూసుకుంటుంది, ఇంకో చుక్క కోసం ఆగుతుంది. చాలనుకుంటే తల పక్కకు తిప్పేస్తుంది. నోట్లోకి మాత్రం పిచికారీ కొట్టకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

దీనికి తోడు కడిగి నీళ్లు దులపకుండా పెట్టిన మునగాకు, మందార పూలు, సొరకాయ తురుము. గోంగూర, పాలకూర రోజూ వద్దు, వాటిలోని ఆక్సలేట్లనే పదార్థాలు కాల్షియంను పట్టేసి ఒంటికి అందనివ్వవు. ఎండాకాలం పుచ్చకాయ ఎక్కువ పెడితే విరేచనాలై ఉన్న నీళ్లు కూడా పోతాయి.

మా బామ్మర్ది కనిగిరి నుంచి ఫోన్ చేసి "బావా, మేం కూడా స్ప్రే మానేయాలా?" అని అడిగాడు. వాళ్ల దగ్గర మే నెలలో గాలి ఎండిపోయి ఉంటుంది, పైగా గదిలో ఏసీ. అక్కడ పొద్దునపూట ఆకుల మీద కాస్త చల్లినా మధ్యాహ్నానికి ఆరిపోతుంది. వారానికి రెండు స్నానాలు కూడా పెట్టమన్నాను. బోరు నీళ్లు మాత్రం వద్దన్నాను, ఆ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే క్యాన్ నీళ్లే వాడమన్నాను.

నీళ్లు సరిపోతున్నాయో లేదో రెట్ట చెబుతుంది. అందులో తెల్లభాగం మెత్తగా ఉంటే సరిపోతున్నట్టే. పసుపెక్కి సుద్దముక్కలా గట్టిపడితే దాహంతో ఉన్నట్టు. కళ్లు లోపలికి పోయినా, చర్మం గిల్లితే ముడత అలాగే నిలిచిపోయినా ఇంట్లో వైద్యం చేస్తూ కూర్చోకూడదు, అప్పటికే కిడ్నీల మీద భారం పడి ఉంటుంది. బామ్మర్ది మొదటి వారం పంపిన ఫొటోలో ఆ భాగం పసుపుగా, పగుళ్లు తీసి ఉంది. డ్రాపర్ మొదలుపెట్టాక నిన్న పంపిన ఫొటోలో తెల్లగా, మెత్తగా ఉంది.