ఆకు కొలిచే యాప్: రెండు సీజన్లు వాడాక

ఆకు వైశాల్యం కొలిచే ఈ యాప్‌ని మిరప మీద రెండు సీజన్లుగా వాడుతున్నాను. పేరు చెప్పను, ఎర్ర కార్డు పక్కన పెట్టి ఫొటో తీసే రకం, వాడినవాళ్లకు అర్థమవుతుంది. మొదటి నెలలో తెగ పొగిడాను, మా బ్యాచ్ అందరి ఫోన్లలోనూ వేయించాను. ఆకు తెంపక్కర్లేదు, అదే మొక్కని వారం వారం కొలవొచ్చు. అంతకుముందు తెంపి మీటర్‌లో పెట్టేవాళ్లం. మూడో వారానికి మొక్కలు బోడి కొమ్మలయ్యేవి, ఇక పెరుగుదల ఏం చూస్తాం!

కాయ పండే వేళకి అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. చూస్తే చెట్టు గుబురుగానే ఉంది. నల్లి పట్టిందేమోనని ఆకులు తిప్పి తిప్పి చూశాను, నీళ్లు అందట్లేదేమోనని డ్రిప్ పైపుల వెంట తిరిగాను. పది రోజులు టెన్షన్. చివరికి ఒక ఫొటో పెద్దది చేస్తే మూలన పండు మిరపకాయ తొంగిచూస్తోంది. యాప్‌కి ఎరుపు ఎక్కడున్నా కార్డే. కార్డు 4 చదరపు సెంటీమీటర్లు, ఫొటోలో పచ్చ చుక్కలు (పిక్సెళ్లు) ఎర్ర చుక్కలకి ఎన్ని రెట్లో చూసి లెక్క కడుతుంది. పండుకాయ ఇంకో 2 చదరపు సెంటీమీటర్లు కలిపితే, 24 ఉండాల్సిన ఆకు 16 అయిపోతుంది. పచ్చికాయ పడిందా, అదీ ఆకే.

ఇప్పుడు ఆకు వెనక శుభలేఖ అట్ట, తెల్లవైపు తిప్పి పెడుతున్నాను. ఒక చేతిలో అట్ట, ఒక చేతిలో ఫోన్, గాలి వీస్తే మూడో చెయ్యి కావాలి. ముడత వచ్చిన ఆకైతే మెల్లగా సాపు చేయాలి, లేకపోతే తక్కువ చూపిస్తుంది.

నిజం చెప్పాలంటే ఈ సీజన్ సగం కొలతలు స్కేలుతోనే. పొడవుని వెడల్పుతో హెచ్చించి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించడమే. మొక్కజొన్నకి 0.75 అనే లెక్క 1911 నాటిది. మా మిరపకి అదే వేస్తే ఎక్కువ వచ్చింది. పక్క వరుసలో 40 ఆకులు గ్రాఫ్ కాగితం మీద గీసి, గళ్లు లెక్కపెట్టి, 0.62 తెచ్చుకున్నాను. మీ రకానికి వేరే రావచ్చు. ఆ 40 మాత్రం తెంపానని ఒప్పుకోవాలి.

నావి 60 మొక్కలే కాబట్టి స్కేలుతో సరిపోతోంది. మా రూమ్‌మేట్‌ది టమాటా. ఆ చీలికల ఆకుకి స్కేలు ఎక్కడ పెట్టాలో తెలియక యాప్‌తోనే నడుపుతోంది, బాగానే ఉందంటోంది. కాయలింకా పచ్చిగానే ఉన్నాయి మరి.