రెసిస్టెన్స్ బ్యాండ్లు: మూడేళ్లు వాడిన తరువాత

నాకు 69 ఏళ్లు, ఉండేది నరసాపురం. మా అక్కయ్య ఇల్లు వశిష్ఠ గోదావరికి అవతల, మలికిపురంలో. మూడేళ్ల క్రితం సఖినేటిపల్లి రేవులో పంటు దిగి గట్టెక్కుతుంటే తొడలు వణికి ఆగిపోయాను. ఎవరో కుర్రవాడు చెయ్యి అందించాడు. రోజూ గంటసేపు కాలువ గట్టున నడిచే మనిషిని, ఇదేమిటని భయం వేసింది. నడక గుండెకు మంచిదే గాని, వయసుతో కరిగే కండను అదొక్కటే నిలపలేదని, బలం పెట్టి లాగే పని, లేచే పని ఉండాలని ఫిజియోథెరపిస్టు చెప్పారు.

అలా రెసిస్టెన్స్ బ్యాండ్లు, అంటే చేత్తోనో కాలితోనో సాగదీస్తూ వ్యాయామం చేసే పొడవాటి రబ్బరు పట్టీలు, మూడు మందాలవి కొన్నాను. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు. 65 దాటినవారు కండరాల బలానికి వారానికి కనీసం 2 రోజులు కేటాయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటోంది.

భుజాలకు, వీపుకు వీటికి సాటి లేదు. నాలుగో నెలకల్లా నిండు బిందె రెండు చేతులా ఎత్తగలిగాను. కాళ్లకు మాత్రం బ్యాండు కంటే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదేసి సార్లు లేచి కూర్చోవడమే ఎక్కువ పని చేసింది. దానికి పైసా ఖర్చు లేదు. బ్యాండ్లు కొన్నా కొనకపోయినా అది మానకండి.

ఇక లోపాలు. బ్యాండు కొసను కదలకుండా పట్టి ఉంచడానికి తలుపు సందులో ఇరికించే పట్టీ మా రెండు రెక్కల పాత తలుపులో నిలవలేదు. బ్యాండును అరుగు స్తంభానికి కట్టుకున్నాను. కొబ్బరి చెట్టుకు కట్టకండి, బెరడు గరుకుకు రబ్బరు కోసుకుపోతుంది. మన ఎండకూ ఉక్కకూ రబ్బరు త్వరగా పాడవుతుంది: రెండో వేసవిలో మధ్య మందం బ్యాండు లాగుతుండగా తెగి ముంజేతికి వాత తేలింది. కంటికి తగిలి ఉంటే? అప్పటి నుంచి ప్రతిసారీ వెలుతురులో సాగదీసి పగుళ్లు చూస్తాను, వాడాక తుడిచి టాల్కం పౌడరు రాసి నీడన పెడతాను. ముఖం వైపు లాగే వ్యాయామం పూర్తిగా మానేశాను. ఇంకొక మాట, రంగు చూసి కొనకండి. ఒక కంపెనీ ఎరుపు ఇంకొక కంపెనీ ఎరుపంత బిగువుగా ఉండదు.

మొన్న మాఘంలో అంతర్వేది కల్యాణానికి వెళుతూ అదే గట్టు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాను. అక్కయ్యకు 73. ఆమెకూ పలుచనిది ఒకటి పట్టుకెళ్లాను. తెగిన బ్యాండు సంగతి ముందే చెప్పి, పగుళ్లు ఎలా చూడాలో నేర్పి మరీ చేతికిచ్చాను.