యొరుబా పలకరింపుల ఆడియో కోర్సు: ఇబాదాన్ రోడ్డు మీద వాడి చూశాక

నైజీరియా నైరుతిలో మాట్లాడే యొరుబా భాషలో పలకరింపులు నేర్పే ఈ ఆడియో కోర్సు మీద, గొంతు మార్చేసిన అప్‌డేట్ తర్వాత నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. అయినా ఎవరైనా అడిగితే, పాత రికార్డింగులు దొరికే దారి ఉంటే తీసుకోమనే చెబుతున్నాను. ఎన్ని పాఠాలు, నెలకు ఎంత లాంటి వివరాలు డౌన్‌లోడ్ చేసుకునే చోటే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. పేరు చెప్పి రచ్చ చేసే ఉద్దేశం కూడా లేదు.

నాది లేగోస్‌లో నీటి పంపుల అమ్మకం, సర్వీసు పని. వారంలో సగం రోజులు ఇబాదాన్, అబెయోకుటా వైపు తిరగాలి. లేగోస్-ఇబాదాన్ ఎక్స్‌ప్రెస్‌వే మీద బండి ఎప్పుడు ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. ట్రాఫిక్ జామ్‌ను ఇక్కడ గో-స్లో అంటారు. ఆ గో-స్లోలో చేసే పనేమీ ఉండదు కనుక, కారు స్పీకర్లో పాఠాలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఉదయం ఎ కారో, మధ్యాహ్నం ఎ కాసాన్, సాయంత్రం ఎ కూరోలె, రాత్రి ఎ కాలె. ఇవి ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. నన్ను కట్టిపడేసింది వాటి తర్వాతి పాఠం. యొరుబాలో 'ఎ కు' అని మొదలుపెట్టి, ఎదుటి మనిషి ఏ స్థితిలో ఉంటే ఆ మాట తగిలిస్తే చాలు, పలకరింపు తయారు. పని చేసుకుంటున్నవాళ్ళకు ఎ కూషె. ఊరికే కూర్చున్నవాళ్ళకు ఎ కు ఇజోకో. వాన పడుతుంటే ఎ కు ఓజో. హర్మటాన్ (సహారా నుంచి దుమ్ముతో వీచే పొడిగాలి) చలి రోజుల్లో ఎ కు ఒగినితిన్. పెళ్ళో పుట్టినరోజో చేసి డబ్బు ఖర్చు పెట్టుకున్నవాళ్ళకు కూడా ఒకటుంది, ఎ కు ఇనావో. చాలా రోజులకు కనబడిన మనిషితో, కనబడక ఏడాదైనా సరే, మూడు రోజులైందన్నట్టుగా ఎ కు ఒజో మెటా అంటారు. అరుగు మీద కూర్చున్నాయనను చూస్తూనే "ఏం బాబాయ్, కూర్చున్నావా" అని పలకరించే ఊళ్ళో పుట్టినవాణ్ణి, నాకిది అర్థం కావడానికి ఎవరూ వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు. తేడా ఏమిటంటే, మనకు అది అలవాటుగా వచ్చే ప్రశ్న. వీళ్ళకు అది మర్యాద. అనకపోతే లోటే.

ఈ పాఠం విలువ 2023లో బాగా తెలిసొచ్చింది. ఆ మే నెలాఖరులో పెట్రోలు సబ్సిడీ ఎత్తేస్తున్నట్టు ప్రకటించగానే బంకుల ముందు క్యూలు పెరిగాయి. ఎండలో క్యాను పట్టుకుని నిలబడి ఉంటే, పక్కనుంచి వెళ్తున్న ముసలాయన నా వైపు చూసి "ఎ కు ఇదురో" అన్నారు. ఆ మాట కోర్సులో లేదు. అయినా ముందు భాగం తెలుసు, నేను చేస్తున్నది నిలబడటమే, కాబట్టి పట్టేశాను. వెనకే వచ్చిన ఇంకొకావిడ "ఎ కు సూరు" అంది. ఓపిక పట్టినందుకు. ఆ ఎండలో ఓపికను కూడా గుర్తించి పలకరించే మనిషి ఒకరున్నారంటే పెట్రోలు దొరక్కపోయినా పర్లేదనిపించింది. (దొరికింది. సాయంత్రానికి.)

ఇంకొక సంగతి. ఇంగ్లీషువాళ్ళ కోసం రాసిన ఇలాంటి పాఠాల్లో ఆ మొదటి 'ఎ' గురించి పేజీలకు పేజీలు వివరిస్తారు. పెద్దవాళ్ళకూ పరిచయం లేనివాళ్ళకూ బహువచనం వాడాలని, లేకపోతే తప్పు పడతారని. మీరు, నువ్వు తేడాతో పెరిగినవాళ్ళకు అదంతా దాటేసే పేజీ. ఎదురుగా లేని పెద్దమనిషి గురించి చెప్పేటప్పుడు కూడా మన 'వారు' లాగే వీళ్ళకు 'వోన్' ఉంది. నన్ను తికమకపెట్టింది చుట్టరికం. అక్క, అన్న ఇద్దరూ ఎగ్బోన్. చెల్లి, తమ్ముడు ఇద్దరూ అబురో. ఆడా మగా కాదు, వయసే లెక్క.

ఇక ఆ అప్‌డేట్ సంగతి.

పాత పాఠాల్లో మాట్లాడింది ఒక పెద్దావిడ. నిదానమైన గొంతు, మధ్యలో ఎక్కడో కోడి కూత కూడా వినబడుతుంది. మా డ్రైవరు అబెయోకుటా మనిషి, నాకంటే బాగా పెద్ద. నేను బాబా అంటాను, ఆయన నన్ను ఓగా (బాస్) అంటారు. స్పీకర్లో ఆవిడ "ఎ కూషె" అనగానే, బాబా రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే "ఎ షే, మా" (థాంక్స్, అమ్మా) అని జవాబిచ్చేవారు. ప్రతిసారీ. ఒకే పాఠం మళ్ళీ మళ్ళీ పెట్టినా విసుక్కోకుండా ఆవిడకు బదులు చెప్పేవారు. నేను నేర్చుకున్నదాంట్లో సగం అలా వచ్చిందే.

ఒక సోమవారం బెర్జర్ దాటి మోవే దగ్గర ఇరుక్కుపోయాం. పాఠం పెడితే కొత్త గొంతు. యంత్రం గొంతని వెంటనే తెలిసిపోయింది. ఎ కారో అంది, ఎ కూషె అంది. బాబా పలకలేదు. నాలుగైదు వాక్యాలయ్యాక "హూ బి దిస్?" (ఎవరిది?) అని ఇక్కడి కలగలుపు ఇంగ్లీషు పిడ్జిన్‌లో అడిగి, వాల్యూమ్ తగ్గించేశారు.

యొరుబాకు మూడు స్వరాలు: కింద, మధ్య, పైన. బళ్ళో డో రే మి అని నేర్పుతారు, మన లెక్కలో స రి గ. 'ఎ కారో' పలకాలంటే రి గ స గ స. ఎ కూషెను 'ఎ కు ఇషె' అని విడదీసి అంటే రి గ రి గ. ఈ ఎత్తుపల్లాలు తెలుగు లిపిలో కనబడవు, కనుక ఇక్కడ నేను రాసినవన్నీ సగం మాటలే అనుకోండి. కొత్త గొంతు కూడా ఆ సగమే పలుకుతోంది. అన్నీ రి రి రి. బాబా డాష్‌బోర్డు మీద వేలితో కొడుతూ ఒక్కొక్క మాటా పాడి వినిపించారు. మోవే నుంచి రెడెంప్షన్ క్యాంపు దాకా అదే పాఠం. ఆ ఉదయం పైసా ఖర్చు లేకుండా నేర్చుకున్నది, ఆ తర్వాత చందా కట్టి నేర్చుకున్నదానికన్నా ఎక్కువ.

కంపెనీకి రాశాను. కొత్త గొంతు అన్ని పాఠాల్లోనూ ఒకేలా ఉంటుందని జవాబు వచ్చింది. నా ఫిర్యాదు కూడా అదే కదా!

కోర్సులోని ఉచ్చారణ పరీక్ష బాగుందని లేగోస్‌లోని ఇలుపేజులో మనవాళ్ళకు చాలామందికి చెప్పి ఉన్నాను. మనం అన్నది సరిగా ఉంటే పచ్చ గుర్తు, లేకపోతే ఎర్ర గుర్తు. అప్‌డేట్ తర్వాత సరదాకి ఫోను బాబాకు ఇచ్చి 'ఎ కూరోలె' అనమన్నాను. ఎర్ర గుర్తు. నేను ఒకే ఎత్తులో గడగడా అనేస్తే పచ్చ గుర్తు. అబెయోకుటాలో పుట్టి పెరిగిన మనిషి యొరుబాలో ఫెయిలు, నేను పాసు. ఆ పరీక్ష గురించి ముందు చెప్పినది అంతవరకు సవరించుకోండి.

నేను మెచ్చుకున్న 'ఎ కు' పాఠానికీ ఒక లోటుంది. పలకరించడం నేర్పుతుంది, పలకరింపు కొనసాగించడం నేర్పదు. ఇక్కడ ఒక్క మాటతో అయిపోదు. "ఇలే న్కో?" అని ఇంటి గురించి, తర్వాత పిల్లల గురించి, తర్వాత పని గురించి అడుగుతారు. "దాదా ని" (బాగానే ఉంది), "ఆ దుపె" (కృతజ్ఞతలు) అంటూ నడపాలి. ఆ వరస కోర్సులో ఎక్కడా లేదు. దాని బదులు అంకెలకు బోలెడు పాఠాలు పెట్టారు. యొరుబా అంకెలు ఇరవైల లెక్క, పైగా తీసివేతలు: 15 అంటే ఇరవైకి అయిదు తక్కువ, 50 అంటే మూడు ఇరవైలకు పది తక్కువ, 45 అంటే ఆ యాభైకి అయిదు తక్కువ. వినడానికి ముచ్చటగా ఉంది. కానీ ఇబాదాన్‌లోని బోడిజా మార్కెట్లో నేను "ఎలో ని?" అని అడిగితే ధర ఎప్పుడూ ఇంగ్లీషు అంకెల్లోనే వచ్చింది.

నాకు పనికొచ్చింది కాబట్టి అందరికీ పనికొస్తుందని అనను. విక్టోరియా ఐలాండ్‌లో ఆఫీసు, ఇల్లు, కారు తప్ప వేరే లోకం లేనివాళ్ళకు ఇంగ్లీషు సరిపోతుంది. కాస్త పిడ్జిన్ వస్తే ఇంకా మంచిది. ఉత్తరాన కానో వైపు పోస్టింగ్ అయితే అక్కడి భాష హౌసా చూసుకోవాలి. ఇబాదాన్‌లోనో, అబెయోకుటాలోనో మెకానిక్కులతో, స్టోరు మనుషులతో రోజూ పనిపడేవాళ్ళయితే మొదటి నెల చందా కట్టి, 'ఎ కు' పాఠం రాతలో చూసి, స్వరం మాత్రం పక్కనున్న మనిషి దగ్గర నేర్చుకోండి. నా డ్రాయరులో అప్‌డేట్ కాని పాత ఫోన్ ఒకటి ఉంది, అందులో పెద్దావిడ పాఠాలు ఇంకా నడుస్తున్నాయి. అందుకే నేను చందా ఆపేశాను. అది లేకపోతే ఏం చేసేవాణ్ణో, బహుశా కట్టేవాణ్ణేమో.