114 మి.మీ. టెలిస్కోపు: బావగారితో వాదనకి కొన్నాను, ఎంతవరకు పనికొచ్చిందంటే

చంద్రుడి మీద అమెరికా జెండా కనబడుతుందేమోనని ఎవరైనా ఇలాంటి టెలిస్కోపు కొనబోతుంటే ఆగండి. కనబడదు. ఇందులోనే కాదు, భూమ్మీద ఇప్పుడున్న ఏ టెలిస్కోపులోనూ కనబడదు. ఆ సంగతి తెలిసే కొన్నాను. నాకు కావలసింది జెండా కాదు, మా బావగారితో ఒక్క విషయం తేల్చుకోవడం.

బావగారంటే మావారి అన్నగారు. కరెంటు డిపార్ట్‌మెంటులో ఏఈగా చేసి రిటైరయ్యారు. తెనాలిలో మా ఇంటి కింది వాటాలోనే ఉంటారు. తెలివైన మనిషి, లెక్క తప్పితే ఒప్పుకోరు. అయినా అమెరికావాళ్లు చంద్రుడి మీదికి వెళ్లలేదు, అంతా స్టూడియోలో తీసిన సినిమా అంటారు. చంద్రయాన్-3 మాత్రం నిజమట! 2023 ఆగస్టు 23 సాయంత్రం విక్రమ్ దిగగానే గుమ్మంలో కొబ్బరికాయ కొట్టింది ఆయనే. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. రోజంతా మైక్రోస్కోపు ముందు కూర్చుని, మామూలు కంటికి కనబడని వాటిని లెక్కపెట్టి జీతం తీసుకునేదాన్ని. మా ఇద్దరి వాదన మొదలైతే అక్క, అంటే మా తోడికోడలు, కూరగిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇక వస్తువు గురించి. కంపెనీ పేరు రాయను, ఇదే డిజైను రకరకాల బ్రాండ్ల స్టిక్కర్లతో దొరుకుతోంది. 114 మి.మీ. అద్దం, 1000 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (వెలుగు బొమ్మగా కుదురుకునే దూరం), ఈక్వటోరియల్ మౌంటు (ఆకాశం తిరిగే తీరులో టెలిస్కోపుని తిప్పే స్టాండు), 20 మి.మీ., 4 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు), బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచే బార్లో లెన్సు. ధర పదిహేను వేల లోపు. డబ్బా మీద మాత్రం 750 రెట్లు అని ఇంత లావు అక్షరాల్లో వేశారు. 1000ని 4తో భాగించి మూడుతో గుణిస్తే వచ్చే అంకె అది. కాగితం మీద సరే. నిజానికి అద్దం వ్యాసం మి.మీ.లలో ఎంతుందో దానికి రెట్టింపు వరకే పనికొచ్చే పెద్దదనం. అంటే దీనికి 228 రెట్లు, అదీ గాలి నిలకడగా ఉన్న రాత్రి. ఆ పైన పెద్దదయ్యేది మసకే. మైక్రోస్కోపు వాడేవాళ్లకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో తిరకాసుంది. ఫోకల్ లెంగ్త్ మీటరు, గొట్టం చూస్తే అరమీటరు. మిగతా సగం ఎక్కడికి పోయిందంటే, ఐపీసు పెట్టే గొట్టం లోపల ఫోకల్ లెంగ్త్‌ని పెంచే లెన్సు ఒకటి బిగించారు. బర్డ్-జోన్స్ రకం అంటారు. మోసుకెళ్లడానికి చిన్నగా, తేలిగ్గా ఉంటుంది, కానీ లోపలి అద్దాలు కాస్త పక్కకి జరిగితే సరిచేసుకోవడం మహా టెన్షన్. నాది డబ్బాలోంచి తీసినప్పుడే పక్కకి ఉంది. గురి చూసే ఎర్రచుక్క పరికరంలో బ్యాటరీ అయిపోయి వచ్చింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే అది వారంటీలోకి రాదన్నారు. సరే, మా వీధి కొట్లో కొన్నాను. సూర్యుణ్ణి చూడమని ఐపీసుకి మరలాగా బిగించే నల్ల ఫిల్టరు ఒకటి ఇచ్చారు. మీకూ వస్తే అదే రోజు పారేయండి. వేడికి అది పగిలిందంటే కన్ను పోతుంది.

జెండా సంగతి మొదటి సాయంత్రమే తేలింది. ఆ లెక్క నేను వెయ్యలేదు, బావగారే వేశారు. 114 మి.మీ. అద్దం విడదీసి చూపగలిగే కోణం సుమారు ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. చంద్రుడు సగటున 3,84,400 కి.మీ. దూరం. ఆయన క్యాలెండర్ వెనక కూడికలు, గుణకారాలు చేసి, "సుమారు 1.9 కి.మీ. వస్తోందమ్మా" అన్నారు. అంటే రెండు కిలోమీటర్ల కంటే చిన్న గుంట ఇందులో తేలడం కష్టం. అపోలోవాళ్లు, అంటే చంద్రుడి మీదికి వెళ్లిన ఆ అమెరికావాళ్లు, వదిలేసి వచ్చిన ల్యాండరు (చంద్రుడి మీద దిగిన వాహనం) కింది భాగం కాలి నుంచి కాలికి తొమ్మిది మీటర్లు. 2.4 మీటర్ల అద్దమున్న అంతరిక్ష టెలిస్కోపు హబుల్‌కి కూడా చంద్రుడి మీద 90 మీటర్ల లోపు వస్తువు ఆకారం అందదు. "అయితే ఇక్కణ్ణుంచి చూసి అవుననీ అనలేం, కాదనీ అనలేం" అన్నారు. ఆ మాట ఆయన నోటితో రావడానికే సగం డబ్బు ముట్టింది అనుకున్నాను.

అసలు నేను పట్టుకున్న పాయింటు నక్షత్రాలది. చంద్రుడి మీద తీసిన ఫొటోల్లో ఆకాశం నల్లగా ఉంది, ఒక్క నక్షత్రమూ లేదు, కాబట్టి స్టూడియో అనేది బావగారి బ్రహ్మాస్త్రం. దీన్ని మేడ మీదే పరీక్షించొచ్చు. కార్తీకంలో శుద్ధ షష్ఠి నాటి రాత్రి చంద్రుడు పడమటి వైపు, కృత్తికలనే నక్షత్రాల గుంపు తూర్పున ఉంటాయి, రెండూ ఒకే గంటలో అందుతాయి. ఫోన్ హోల్డర్‌తో ఫోన్ని 20 మి.మీ. ఐపీసుకి బిగించాను. మొదట ఆటోలో తీస్తే చంద్రుడు తెల్లగా కాలిపోయినట్టు వచ్చాడు. ప్రో మోడ్‌లో షట్టర్‌ని, అంటే కెమెరాలోకి వెలుగు వచ్చే సమయాన్ని, సెకనులో 125వ వంతుకి తెస్తే గుంటలూ గట్లూ శుభ్రంగా పడ్డాయి. ఇక ఏ సెట్టింగూ ముట్టుకోకుండా టెలిస్కోపుని కృత్తికల వైపు తిప్పి, బటన్ మాత్రం బావగారినే నొక్కమన్నాను. కంటితో చూస్తే ఐపీసు నిండా నీలం రవ్వలు. ఫొటోలో ఏమీ లేదు, నల్లటి తెర. ఆయన లెన్సు మూత ఉందేమోనని వంగి చూశారు. షట్టర్ రెండు సెకన్లకి పెంచితే నక్షత్రాలు వచ్చాయి, భూమి తిరుగుతుంది కాబట్టి చిన్న గీతలుగా. అదే రెండు సెకన్లతో చంద్రుణ్ణి తీస్తే వట్టి తెల్లటి ముద్ద.

చంద్రుడి నేల మీద పగటి ఎండ పడుతోంది. అపోలో 11 వాళ్ల హాసెల్‌బ్లాడ్ కెమెరా ఎక్కువగా సెకనులో 250వ వంతు మీద పనిచేసింది. అందులో నక్షత్రాలు ఎలా పడతాయి? పడాలంటే వేరే కెమెరా, ఎక్కువసేపు తెరిచిన షట్టర్ కావాలి. అదీ జరిగింది. 1972 ఏప్రిల్‌లో అపోలో 16 వాళ్లు జార్జ్ కరూథర్స్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన అతినీలలోహిత కెమెరాని చంద్రుడి మీద నిలబెట్టి నక్షత్రాలని, భూమి చుట్టూ ఉన్న హైడ్రోజన్ వెలుగుని ఫొటో తీశారు. ఫిల్ము వెనక్కి తెచ్చారు, కెమెరా అక్కడే ఉంది. ఇది చెప్పాక బావగారు నక్షత్రాల మాట మళ్లీ ఎత్తలేదు. ఓడిపోయానని అనలేదనుకోండి, వేరే దానికి మారారు.

దిగిన చోటు చూడాలనుకునేవాళ్లకి కూడా షష్ఠే మంచిది. ప్రశాంత సాగరం అనే చంద్రుడి మీది మైదానంలో అపోలో 11 దిగిన చోట సూర్యోదయం దాదాపు శుద్ధ షష్ఠి నాడే అవుతుంది. 1969 జులై 20న వాళ్లు దిగేటప్పుడు అక్కడ సూర్యుడు సుమారు 10 డిగ్రీల ఎత్తులోనే ఉన్నాడు. పొడుగు నీడలుంటేనే గుంటలు తెలుస్తాయని ఆ వేళ చూసుకుని వెళ్లారు. ఈ టెలిస్కోపులో సబైన్, రిట్టర్ అనే జంట గుంటలు, ఒక్కోటి 30 కి.మీ. వెడల్పు, సులువుగా దొరుకుతాయి. దగ్గర్లోని మోల్ట్కే ఆరున్నర కి.మీ.లది, అదీ కనబడింది. మౌంటు మాత్రం ఫోకస్ తిప్పిన ప్రతిసారీ ఊగుతుంది. స్టాండు కాళ్లు పూర్తిగా లాగకుండా, కుర్చీలో కూర్చుని చూస్తే నయం.

చంద్రుడి మీద పెట్టిన అద్దాలకి భూమి నుంచి లేజర్ కొడితే వెలుగు తిరిగొస్తుంది, కాబట్టి మనుషులు వెళ్లినట్టే అనే వాదన నేను ఎత్తను. ఎందుకంటే రష్యావాళ్లు మనుషులు లేకుండానే 1970లో, 1973లో లూనఖోద్ బండ్ల మీద అలాంటివి పంపారు. అద్దం ఉన్నంత మాత్రాన మనిషి వెళ్లినట్టు కాదు. ఈ పాయింటు బావగారిదే, బాగా పట్టుకున్నారు. నేను ఎత్తింది చంద్రుడి చుట్టూ తిరిగే చంద్రయాన్-2 మాట. దాని కెమెరా 100 కి.మీ. ఎత్తు నుంచి పావు మీటరు వస్తువునీ గుర్తుపట్టగలదు, అపోలో 11 ల్యాండరు కింది భాగాన్ని అది ఫొటో తీసింది. ఇస్రో ఫొటో, కొబ్బరికాయ కొట్టిన ఇస్రో! చాలాసేపు చూసి, "నాసావాళ్లు వీళ్లకి చెప్పుంటారమ్మా" అన్నారు. దానికి ఏ టెలిస్కోపూ మందు కాదు.

ఇప్పుడు వాదన రాళ్ల మీదికి వచ్చింది. అపోలోవాళ్లు 382 కిలోల రాళ్లూ మట్టీ తెచ్చారు కదా, ఏ ఎడారిలోనో ఏరారంటారు బావగారు. ఆ ముక్కల మీద 1970ల మొదట్లోనే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్లు పనిచేశారు, రాతి స్ఫటికాల్లో కాస్మిక్ కిరణాలు (అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాలు) కొట్టిన గాట్లు లెక్కపెట్టారు. గాలి పొర కింద పడున్న రాతికి అలాంటి గాట్లు పడవు. ఇది మా ల్యాబ్ మైక్రోస్కోపు భాష, కాబట్టి ఈ రౌండు నాకు ఇష్టమైనదే.

టెలిస్కోపుగా దీనికి అయిదుకి రెండున్నర. అదే డబ్బుకి లోపల లెన్సు దాచని 114/900 (114 మి.మీ. అద్దం, 900 మి.మీ. ఫోకల్ లెంగ్త్) దొరికితే అది తీసుకోండి, గొట్టం పొడుగైనా ఫరవాలేదు. వాదనకైతే నాలుగు ఇస్తాను, అవతలి మనిషి బటన్ తనే నొక్కడానికి ఒప్పుకుంటేనే. ఫోన్ హోల్డర్ ఇందులో రాదు, ఆరేడు వందలు పెట్టి విడిగా కొనాలి.