రాచకొండ లోయ నడక మస్తుంది, మేం దిగిన 'హిల్ వ్యూ' రూమ్ మాత్రం దండగ

రాచకొండ, అంటే మన నల్గొండ దిక్కు గుట్టల నడుమ ఉన్న పాత కోట, అక్కడికి పోదామనుకుంటున్నోళ్లు ముందుగాల ఈ రూమ్ ముచ్చట చదివి పోర్రి. గుట్టల గురించి తర్వాత చెప్త, అవి ఏడికీ పోవు.

నేను, నా భార్య, అక్క, బావ, వాళ్ల పదేండ్ల పిలగాడు. నల్గొండల బయల్దేరి మునుగోడు మీదుగ సంస్థాన్ నారాయణపురం దాక రోడ్డు బాగనే ఉంది, 2022 ఉపఎన్నికప్పుడు టీవీల రోజూ చూసిన ఊర్లే, దాని గురించి రాసేదేం లేదు. ఎండ ముదరకముందే నడక మొదలుపెట్టొచ్చని బావ ఆ చుట్టుపక్కలనే ఒక ఫామ్ స్టే బుక్ చేసిండు. ఫోటోలల్ల కిటికీ అవుతల పచ్చటి గుట్టలు, మంచం మీద తువ్వాలతోటి చేసిన హంస. రూమ్‌కు 3,800, రెండు రూములు, సగం పైసలు ముందే ఫోన్‌పే కొట్టాలె.

పోయి కిటికీ తెరిస్తే ఎదురుంగ కోళ్ల ఫారం. నడుమ ఒక్క ఫెన్సింగే అడ్డం. వాసన సంగతి చెప్పక్కర్లేదు, ఈగలైతే చాయ్ కప్పు కింద పెట్టనియ్యలే, అక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూసుంటే మళ్ల తియ్యలే. "హిల్ వ్యూ ఏది తమ్మీ" అని అడిగితే మేనేజర్ పిలగాడు ఇంతంత మొహమాటం లేకుంట "టెర్రస్ ఎక్కితే మొత్తం కనపడ్తయి సార్" అన్నడు. టెర్రస్‌కేమో తాళం, అక్కడ ఎవరిదో బర్త్‌డే పార్టీ ఉన్నదట. పిలగానికి ఒక పరుపు ఎక్స్‌ట్రా అడిగితే 700. రాత్రి మంట పెడ్తమంటే 600, అవి పచ్చి తుమ్మ కట్టెలు, వేడి తక్కువ పొగ ఎక్కువ. ఇరవై రూపాయల నీళ్ల బాటిల్ 40, నాలుగు తీసుకున్నం, ఎందుకంటే మన దిక్కు ఫ్లోరైడ్ సంగతి తెలిసినోడు ఎవ్వడూ బోరు నీళ్లు తాగడు, వాళ్లకు ఆ సంగతి ఇంకా బాగ తెలుసు. గీజర్ ఉంది గని లో వోల్టేజ్ అట. పొద్దున టిఫిన్ బుకింగ్‌లనే ఉందని రాసి ఉంటే, అది "వేరే ప్యాకేజీ సార్" అని సల్లారిపోయిన ఉప్మాకు మనిషికి 250 వేసిండ్రు, పిలగానికి కూడ ఫుల్ చార్జే. మొత్తం బిల్లు 10,310. పైనుంచి పోయేటప్పుడు ఫైవ్ స్టార్ రేటింగ్ ఇయ్యుర్రి సార్ అని క్యూఆర్ కోడ్ చూపెడ్తున్నడు. నా భార్య "రివ్యూలు చూడలేదా అన్నా" అని బావను మెల్లగనే అడిగింది, గని అడిగిందే మళ్లమళ్ల అడిగింది, బావ ఉలకడు పలకడు, కారు స్టార్ట్ చేసుకుని కూసున్నడు.

ఇగ నడక. టికెట్ లేదు, గైడ్ లేడు, బాత్రూమ్ అసలే లేదు. తండా దగ్గర కారు పెట్టి అక్కడి పిలగాన్ని ఒకన్ని తోడు తీసుకున్నం, 300 అడిగిండు, ఇచ్చినం. లోయల నుంచి పోయి, గుట్టెక్కి, అవుతలి దిక్కు దిగి మళ్ల తండాకే వచ్చే రౌండ్, ఫోన్‌ల ఏడు కిలోమీటర్ల చిల్లర చూపెట్టింది, ఆగుకుంట పోతే నాలుగు గంటలు పట్టింది. మోకాళ్ల నొప్పులున్నోళ్లు లోయ దాకనే పోర్రి, పైకి పోయే మెట్లు చాన చోట్ల ఊడిపోయి ఉన్నయి. చెప్పులతోటి మాత్రం పోవద్దు, వానకాలం పోయినంక గడ్డి నడుముల దాక ఉంటది, ఉత్తరేణి గింజలు ప్యాంటుకు పట్టుకున్నయంటే ఇంటికొచ్చి గంటసేపు ఏరాలె.

బావ మొహం మళ్ల తేటపడ్డది కోట దర్వాజ కాడ. ఆయన కాంట్రాక్టర్. నిలువెత్తు రాళ్లను చెక్కి ఒకదాని మీద ఒకటి పేర్చిండ్రు, నడుమ సున్నం జాడ లేదు. ఆయన కారు తాళం చెవి తీసి రెండు రాళ్ల సందుల పెట్టి చూసిండు, కొన కూడ దూరలే. కొంచెం అవుతల ఇంకో సందు, అక్కడ కూడ అంతే. "మనం నిరుడు కట్టిన స్లాబు అప్పుడే కారుతుంది" అని ఆయనే నవ్విండు, ఆ రోజు నోరు తెరిచింది అప్పుడే.

1323ల కాకతీయుల ఓరుగల్లు పడిపోయినంక మన దిక్కు లేచిన రాజులు రేచర్ల పద్మనాయకులు. వాళ్లల్ల అనపోతనాయకుడు ఆమనగల్లు విడిచి రాజధానిని ఇక్కడికే ఎందుకు తెచ్చిండో పుస్తకంల చదివితే అర్థం కాలే గని లోయ నడుమ నిలబడి సుట్టూ చూస్తే అర్థమైంది. అన్ని దిక్కుల గుట్టలే గోడ, గుట్టకూ గుట్టకూ సందున్న కాడ కట్టుకుంట పోయిండ్రు, అంతే. ఆఖరుకు బహమనీ సుల్తాన్లు పట్టుకున్నరు, అది వేరే కథ. లోపల గుడులను చూస్తే మాత్రం కడుపు తరుక్కపోతది, గుప్తనిధుల పిచ్చోళ్లు గర్భగుడిల బండలు కూడ లేపి మనిషి లోతు గుంతలు తీసిండ్రు. 2016ల పోలీసు కమిషనరేట్‌కు రాచకొండ అని పేరు పెట్టుకున్నం గని ఈ కొండ మీద ఒక్క వాచ్‌మన్ కూడ మాకు కనపడలే.

పైనుంచి చూస్తే ఎటు చూసినా గుట్ట ఎనక గుట్ట, బండరాళ్లు, సందుల సీతాఫలం చెట్లు, కింద ఇంతంత చెలకలు. 2014ల కేసీఆర్ హెలికాప్టర్‌ల తిరిగి ఇక్కడ ఫిల్మ్ సిటీ పెడ్తమన్నడు. రాకపోవుడే మంచిగయింది అని నేను, వస్తే తండా పిలగాండ్లకు పనులు దొరుకుతుండె గదా అని అక్క, దిగేదాక ఇదే పంచాయితి.

దిగంగనే ఆకలి. తోడు వచ్చిన పిలగాడు వాళ్ల నాయనమ్మ కాడికి తీస్కపోయిండు. ఆ అవ్వ పొయ్యి ముందు కూసుని జొన్న పిండి ముద్దను చేతులతోటే కొట్టుకుంట, తిప్పుకుంట పెనం మీద వేసింది, రొట్టె పొంగంగనే తీసి నిప్పుల మీద నిలబెట్టింది, అంచులు నల్లగ మాడినయి, ఆ అంచే అన్నిటికన్న రుచి. పచ్చిమిరపకాయల తొక్కు, పచ్చిపులుసు, ఒక ఉల్లిగడ్డ గుద్ది పక్కన పెట్టింది. బ్రెడ్ తప్ప ముట్టని మా పిలగాడు రెండు రొట్టెలు తిన్నడు. ఎంత అవ్వా అంటే "మీకెంత తోస్తే అంత ఇయ్యుర్రి బిడ్డా" అన్నది, బావ 500 పెడితే 200 ఉంచుకుని తతిమ్మావి వాపస్ ఇచ్చింది. పెద్ద గంపెడు సీతాఫలాలు ఇంకో 250, అవైతే హైదరాబాద్‌ల అరగంపకు కూడ రావు. గట్టియి తీసుకోర్రి, మాగినయి కారుల నలిగిపోతయి.

పోయేటోళ్లు చీకటితోనే ఇంట్ల బయల్దేరి ఏడింటికల్లా తండా చేరుకోర్రి, రూమ్ అవసరం లేదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు. అవ్వ చేతి రొట్టె కావాలంటే గుట్ట ఎక్కకముందే ఎంతమందో చెప్పి పోవాలె, అప్పటికప్పుడంటే పిండి ఉండదు. చిల్లర నోట్లు కూడ పెట్టుకోర్రి, అక్కడ సిగ్నల్ అందదు, ఫోన్‌పే పోదు.